చెయ్యి అందని దూరం

"నువ్వే నేర్చుకుంటే పోతుందిగా" అన్నాడు మా ఆయన, అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నేను అప్పుడే వాళ్ళమ్మ పక్కబట్టలు మార్చి, తడిసిన దుప్పటిని స్నానాల గదిలో బకెట్లో వేసి తొక్కుతున్నాను. తలుపు సందులోంచి నాకు అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. మంచాన పడ్డవాళ్ళని ఇంట్లోనే ఎలా చూసుకోవాలో ఆసుపత్రిలో మధ్యాహ్నాలు నేర్పుతున్నారట. వాళ్ళ ఆఫీసులో ఒకాయన భార్యని పంపించాడట. "ఇప్పుడావిడ నర్సు కంటే బాగా చేస్తోందట" అన్నాడు. ఆ మాట మొదట నాకు మెచ్చుకోలులాగే వినిపించింది. ఇక ఆయాని వెతకక్కర్లేదని దాని అర్థమని దుప్పటి పిండుతుండగా తెలిసింది.

అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. చూసుకోవడానికి పెట్టుకున్న ఆయా కూతురి కాన్పుకని వెళ్ళి మళ్ళీ రాలేదు. అంతకుముందు నేను ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేదాన్ని. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా, ఇందాక బాగా కనిపించిందా" అని అడుగుతూ అద్దాలు మార్చడం నా పని. నాకు ఆ పని ఇష్టం. రోజంతా మనుషుల్ని అడగడం, వాళ్ళు చెప్పింది నమ్మడం. "నాలుగు రోజులు సెలవు పెట్టు" అన్నాడు మా ఆయన. ఆ సెలవు సాగుతూ పోయింది. ఉద్యోగం మానేశావా అని ఎవరూ నన్ను అడగలేదు, మానేశానని నేనూ ఎవరికీ చెప్పలేదు. వదులైన గుండీ ఎక్కడ రాలిందో తెలియనట్టు, అది ఎక్కడో రాలిపోయింది.

క్లాసు ఆసుపత్రి కింది అంతస్తులో, నేలకి దిగువన ఉన్న పొడవాటి గదిలో. ఇనుప మంచాలున్నాయి గాని వాటి మీద రోగులు లేరు. వచ్చినవాళ్ళంతా ఆడవాళ్ళే. మొదటి రోజు ఒక మగాయన వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, "మా ఆవిణ్ణి పంపిస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు. నేర్పేది పెద్ద నర్సు. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ మీద చేతులాన్చి గాని కుర్చీలోంచి లేవలేదు. "ఇక్కడ మీలో ఒకరు రోగి, ఒకరు చూసుకునేవాళ్ళు. రోజూ మారాలి. రోగిగా పడుకోవడం రానివాళ్ళకి లేపడం రాదు" అంది.

నాకు జంటగా పడిన అమ్మాయికి ముప్ఫై దాటి ఉండవు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడవారగా నిలబడేది. మా మంచం కిటికీ కింద ఉండేది. ఆ కిటికీలోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. పెద్ద నర్సు ఎవరి పేర్లూ గుర్తుపెట్టుకునేది కాదు. మమ్మల్ని "కిటికీ మంచం వాళ్ళు" అనేది.

మొదటి రోజు ఆ అమ్మాయి రోగి. నేను ఆమె భుజాల కింద చేతులు పెట్టి, "లేపనా?" అన్నాను. "ఊఁ" అంది. లేపాను. ఆమె ఒళ్ళు బిగుసుకుపోయి, నా చేతుల్లోంచి జారి, తల వెళ్ళి మంచం తలాపు చువ్వకి ఠంగుమని తగిలింది. గది గదంతా మా వైపు తిరిగింది.

"ఊఁ అన్నావుగా" అన్నాను, తప్పు నాది కాదన్నట్టు.

ఆమె తల రుద్దుకుంటూ, "ఊఁ అంటే విన్నానని అక్కా. లేపమని కాదు" అంది.

పెద్ద నర్సు దగ్గరికొచ్చి ఆమె తల తడిమి చూసింది. "లేపడం తర్వాత. ముందు మీ ఇద్దరూ కూర్చుని ఏ మాటకి ఏం అర్థమో తేల్చుకోండి" అని వెళ్ళిపోయింది.

ఇద్దరం మంచం అంచున, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా కూర్చున్నాం. ఏ మాటకి ఏం అర్థమో ఇన్నేళ్ళు వచ్చాక తేల్చుకోవడమేమిటని నాకు లోపల చిరాకుగా ఉంది. "మీ ఇంట్లో ఊఁ అంటే ఏంటి?" అని అడిగాను. "ఎదుటివాళ్ళకి కోపం రాకుండా అనేది" అంది. నేను నవ్వబోయి ఆగి, మా ఇంటి ఊఁ సంగతి చెప్పాను. మా ఇంట్లో ఊఁ అనేది మా ఆయన సొత్తు. పేపరు వెనకనుంచి, ఫోను వెనకనుంచి, దుప్పటి లోపలినుంచి వస్తుంది. పెళ్ళయిన కొత్తలో అది ఒప్పుకోవడం అనుకునేదాన్ని. మా చిన్నక్క ఇంటికి వెళ్తానంటే ఊఁ అన్నాడని బట్టలు సర్దుకుని తయారైతే, "ఎక్కడికి? ఎవరు వెళ్ళమన్నారు?" అన్నాడు. ఊఁ అన్నారుగా అంటే, అత్తగారు వంటింట్లోంచి, "వాడు ఏదో ధ్యాసలో అని ఉంటాడు. అడగాల్సిన తీరులో అడిగావా?" అంది. అప్పట్నుంచి ఊఁ అన్నాక కూడా ఇంకోసారి అడిగి, ఆ అడిగినందుకు విసుక్కుంటే సర్దుకుని, అలా ఇరవై ఏళ్ళు.

"అయితే మనం ఊఁ తీసేద్దాం" అంది ఆ అమ్మాయి. "'రా' అందాం. ఆ మాట లేపేవాళ్ళు అనకూడదక్కా, పడుకున్నవాళ్ళు అనాలి. వాళ్ళు రా అన్నాకే ముట్టుకోవాలి."

అంత ఆలోచన ఆ గోడవారగా నిలబడే మనిషికి ఎలా వచ్చిందా అని ఆమె వంక చూశాను. తర్వాత ఆమె ఎత్తుకి నేను మంచం మీద ఒక మోకాలు ఎక్కించాలని తెలుసుకున్నాను. నా కుడి భుజం పట్టేస్తుందని, అందుకే ఎడమవైపు బరువు పడేస్తానని ఆమె తెలుసుకుంది. అది నాకే తెలియదు. నా ఒంటి గురించి ఒక కొత్త సంగతి ఇంకొకరు చెప్పగా వినడం ఎంత వింతగా ఉందో చెప్పలేను.

నేను రోగిగా పడుకున్న మొదటి రోజు, చెంచాతో నీళ్ళు పట్టడం నేర్చుకున్నాం. నోరు తెరిచి పడుకుంటే చెంచా పైనుంచి వస్తుంది. ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియదు. మింగడం పూర్తికాకముందే రెండోది. నా పళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. ఇంట్లో అత్తగారు సరిగ్గా ఇలాగే బిగించేది. "మొండితనం ఎక్కడికి పోతుంది" అనేది ఆడపడుచు ఫోనులో. మొండితనం కాదు, ఊపిరాడకపోవడం. ఆ అమ్మాయి చెంచా పక్కనపెట్టి, నా గడ్డం మీద కారిన నీళ్ళు తుడిచి, చెంపమీద అంటుకున్న వెంట్రుకలు వెనక్కి తోసింది. అలా నా ముఖాన్ని ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో గుర్తురాలేదు. కళ్ళు మూసుకుంటే నీళ్ళు కారతాయని తెరిచే ఉంచాను. "కిటికీ మంచం, రోగి ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు" అంది పెద్ద నర్సు, మా వైపు చూడకుండానే.

ఇంటికొచ్చి అత్తగారి మంచం పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, కిటికీ వైపు తిప్పుతాను. మీరు సిద్ధమైతే నా వేలు నొక్కండి" అని ఆవిడ కుడిచేతిలో నా వేలు పెట్టాను. ఆవిడ పైకప్పు చూస్తూ ఉండిపోయింది. నేనూ కూర్చున్నాను. వంటింట్లో పాలు పొంగి, మాడిన వాసన వచ్చింది. అయినా లేవలేదు. చాలాసేపటికి ఆవిడ వేళ్ళు నా వేలి చుట్టూ ముడుచుకున్నాయి. ఆవిడ చేత్తో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. మా ఇంట్లో గిన్నెలకి నోరు లేదు, కోడలొచ్చాకే వచ్చింది అని నేను గిన్నెలు సర్దే చప్పుడు గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పిన మనిషి. ఆవిడకి నా మీద ప్రేమ పుట్టిందని చెప్పను. నాకూ పుట్టలేదు. కానీ ఒకసారి నొక్కితే సరేనని, గోరు గుచ్చితే వద్దని, వదలకుండా పట్టుకుంటే పక్క తడిసిందని కొన్నాళ్ళకి ఇద్దరికీ తెలిసిపోయింది. గోడవైపు తిప్పితే ఎప్పుడూ గుచ్చేది. ఆయా రోజూ గోడవైపే తిప్పి పడుకోబెట్టేది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, గది గుమ్మం దగ్గర నిలబడి, "బాగా చేస్తున్నావే. జాగ్రత్త" అని వెళ్ళి టీవీ ముందు కూర్చునేవాడు.

ఒక రోజు క్లాసులో ఆ అమ్మాయి రోగి. "రా" అంది. నేను ఆమె పై చేతి కింద పట్టుకోగానే ఆమె ఊపిరి తెగినట్టయింది. చేతులు తీసేశాను. కుర్తా చెయ్యి పైకి జరిగి, భుజం కింద చర్మం కనిపించింది. ఒకచోట నల్లగా, ఒకచోట పసుపు పచ్చగా, కొత్తదీ పాతదీ కలిసి. ఆమె గబగబా దాన్ని కిందికి లాక్కుంది. క్లాసయ్యాక బయట మెట్ల మీద కాగితపు కప్పుల్లో టీ పట్టుకుని కూర్చున్నాక, తనే చెప్పింది.

"ఆయనకి నడుం కింద చచ్చుబడింది అక్కా. చేతులకి ఏమీ కాలేదు."

పనిచేసే చోట ఎత్తు నుంచి పడ్డాడట. పడకముందూ చెయ్యి చేసుకునేవాడు. అప్పుడైతే పక్కింటికి పరిగెత్తడానికి వీలుండేది. ఇప్పుడు తనే దగ్గరికి వెళ్ళాలి, తినిపించడానికి, తుడవడానికి, తిప్పడానికి. వంగిన ప్రతిసారీ కాదు, ఏ సారో తెలియదు. "మా అత్తగారు అక్కడే ఉంటుంది. మంచాన పడ్డవాడి బాధ అది, నువ్వు కాకపోతే ఎవరి మీద చూపిస్తాడు అంటుంది" అంది. కప్పు అంచుని నలుపుతూ, "చెయ్యి అందకుండా ఎలా లేపాలో నేర్పుతారేమోనని వచ్చాను. ఇక్కడ చూస్తే, దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి జరగండి అంటారు" అంది.

"మనమే కనిపెడదాం" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

మర్నాడు క్లాసయ్యాక పెద్ద నర్సుని అడిగి గదిలో ఉండిపోయాం. ఆ అమ్మాయి తలుపు దగ్గరగా వేసి వచ్చి, "నువ్వు ఆయనలా పడుకో. నేను వంగగానే కొట్టు" అంది.

"నేనా?"

"ఇంకెవరున్నారక్కా?"

పడుకున్నాను. ఆమె నా వీపు కింద రెండు చేతులూ దూర్చింది. నేను మెల్లగా చెయ్యెత్తాను. ఆమె అలాగే ఆగి, "అలా కాదు. ఆయన అలా చెప్పి కొడితే నేనెప్పుడో నేర్చుకునేదాన్ని" అంది. రెండోసారి చటుక్కున విసిరాను. చెవి మీద తగిలింది. గట్టిగానే. నేను లేచి కూర్చోబోతే, "పడుకో. ఇంకోసారి" అంది.

పడుకుని చూస్తే తెలిసింది ఎంత సులువో. ఆమె ముఖం, మెడ, చెవి, అన్నీ తమంతట తామే నా చేతి దగ్గరికి వస్తున్నాయి. ఆమె చేతులు రెండూ నా బరువు కింద ఇరుక్కుని ఉన్నాయి. అవి లాక్కుంటే నేను పడతాను. లాక్కోదని నాకు తెలుసు. ఆమె నన్ను పడనివ్వదన్న ధైర్యంతోనే నా చెయ్యి లేస్తోంది. ఆ సంగతి అర్థమయ్యాక చెయ్యి దించేశాను. వద్దన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తలాపు వైపు నుంచి లేపి చూసింది, కాళ్ళ వైపు నుంచి చూసింది, దుప్పటి అంచు పట్టి లాగి చూసింది. ఒకచోట చెయ్యి అందుతుంది. ఇంకోచోట చెయ్యి అందదు గాని బరువు లేవదు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆమె చెవి ఎర్రగా కందిపోయింది.

చివరికి నా పక్కన కూలబడి, "మీ ఆయన ఏం చేస్తాడో చెప్పు. నేను చేస్తాను, నువ్వు నేర్చుకుందువుగాని" అంది.

"ఏమీ చెయ్యడు. గుమ్మం దగ్గర నిలబడతాడు."

ఆమె లేచి వెళ్ళి గుమ్మానికి భుజం ఆనించి నిలబడింది. "ఇంకా?"

"జాగ్రత్త అంటాడు."

"జాగ్రత్త" అంది, గొంతు బొంగురు చేసి. కాస్త ఆగి, పేపరు తిప్పినట్టు చేతులు తిప్పి, "ఊఁ" అంది. అచ్చం ఆయనే. మంచం చువ్వ పట్టుకుని పడీపడీ నవ్వాను. ఆమె కూడా నవ్వుతూ గుమ్మంలోనే కిందికి జారి కూర్చుంది. నవ్వు ముందుగా ఆమెలో ఆగిపోయింది.

తర్వాతి క్లాసులో, దుప్పట్లు మడత పెడుతుంటే పెద్ద నర్సు మా పక్కకి వచ్చింది. మేము ఏం వెతుకుతున్నామో ఆవిడకి ఎలా తెలిసిందో తెలియదు. ఆ అమ్మాయి చెవి చూసి గ్రహించిందేమో. "మీరు వెతికే పద్ధతి లేదమ్మా" అంది మెల్లగా. "నేనూ చాలా ఏళ్ళు వెతికాను."

ఆ వారంలోనే ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, నువ్వు భలే నేర్చుకున్నావని అన్నయ్య చెప్పాడు. మా మామగారు మంచం దిగలేకపోతున్నారు. నెలాఖరుకి మీ దగ్గరికి పంపిద్దామనుకుంటున్నాం. ఆ చిన్న గది ఖాళీగానే ఉందిగా" అంది. నేను మా ఆయన వైపు చూశాను. అతనికి ముందే తెలుసని ముఖమే చెప్తోంది. "ఒకరికైనా ఇద్దరికైనా నువ్వు ఇంట్లో ఉండేదానివేగా" అన్నాడు, ఫోను పెట్టేశాక.

ఆ సాయంత్రం అత్తయ్యని తిప్పాలి, ఒక చెయ్యి వెయ్యండని అతన్ని పిలిచాను. వచ్చాడు. ఆవిడ చేతిలో వేలు పెట్టి అడగమన్నాను. "అమ్మని అడిగేదేంటి" అని చంకల కింద చేతులు పెట్టి బస్తాని లాగినట్టు లాగాడు. ఆవిడ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. గభాలున వదిలేశాడు. "నా వల్ల కాదు. ఆడవాళ్ళ చేతులు వేరు. నీకు అలవాటు" అన్నాడు.

"అలవాటు కాదు, నేర్చుకున్నాను. ఒకసారి మన గదిలోకొచ్చి పడుకోండి, చూపిస్తాను."

సరదా అనుకుని వచ్చి పడుకున్నాడు. నేనేమీ చెప్పకుండా అతని తుంటి మీద, భుజం మీద చేతులు వేసి ఒక్కసారి గోడవైపు తోసేశాను. పడిపోతున్నవాడిలా మంచం పట్టీ పట్టుకున్నాడు. "చెప్పి చెయ్యొచ్చుగా" అన్నాడు లేచి కూర్చుని. ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం అతనికి తెలిసిందనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అతను చొక్కా సర్దుకుంటూ, "పరాచికాలకి ఒక హద్దుండాలి" అని వెళ్ళిపోయాడు. నేను అతనితో మర్యాద తప్పానన్న సంగతి ఒక్కటే అతను ఆ మంచం మీద నేర్చుకున్నాడు.

క్లాసులు ముగిసేముందు పెద్ద నర్సు మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో పగలు పనిచేసేవాళ్ళు కావాలట. జంటగా లేపేవాళ్ళనే తీసుకుంటారట. పనివాళ్ళు ఉండటానికి వెనక గదులున్నాయట. గదులన్నప్పుడు ఆవిడ ఆ అమ్మాయిని చూసింది, నన్ను కాదు.

బస్టాపులో ఆ అమ్మాయి, "నువ్వు రాకపోతే నన్ను ఒక్కదాన్నే తీసుకోరక్కా. రానంటే రానని చెప్పు. ఊఁ మాత్రం అనకు" అంది.

నేను బస్సు వచ్చే వైపు చూశాను. ఇంట్లో నా వేలు కోసం చెయ్యి చాపి ఉంచే మనిషి కళ్ళముందు మెదిలింది. నేను వెళ్తే ఆవిడ సంగతేమిటి? నేను వెళ్ళకపోతే ఈమె సంగతేమిటి? ఇద్దరిలో ఎవరి ఒంటి మీద దెబ్బ పడాలో తేల్చే బాధ్యత నాకెవరిచ్చారు? ఆ దెబ్బలు కొట్టేవాళ్ళు గాని, చూస్తూ నిలబడేవాళ్ళు గాని ఒక్క పూటైనా ఇలా బస్టాపులో నిలబడి ఆలోచించి ఉంటారా?

మర్నాడు ఆమె రాలేదు. ఆ పై రోజు వచ్చింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. గది చివర వెలుతురులోకి తీసుకెళ్ళి, గడ్డం పట్టి తల ఎత్తాను. మంచి కన్ను అరచేత్తో మూసి, గోడ మీది బొమ్మ చూపించి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగాను.

"చెయ్యి బొమ్మ. చేతులెలా కడుక్కోవాలో."

"వేళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయా?"

ఆమె చాలాసేపు చూసింది. "ముద్దలా ఉందక్కా" అంది.

చెయ్యి తీసేశాను. "వస్తాను" అన్నాను.

ముందు అత్తగారికి చెప్పాను. సోమవారం నుంచి పగలు ఉండనని, మీ అబ్బాయి చూస్తాడని. ఆవిడ నా వేలు వదలకుండా పట్టుకుంది. పక్క తడిసిందేమోనని చూశాను. తడవలేదు. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి. అంత పట్టు ఆ చేతిలో ఉందని నాకు తెలియదు. ఒక్కో వేలూ విప్పుకుని లేచాను. ఆవిడ గోరు నా అరచేతిలో చంద్రవంకలా దిగింది.

"మతిపోయిందా నీకు?" అన్నాడు మా ఆయన. "మరి అమ్మ?"

"మీరూ మీ చెల్లెలూ చూసుకోండి. ఒక్కరివల్ల కాదు, ఇద్దరు కావాలి. ఆసుపత్రిలో కొత్త క్లాసు మొదలవుతోంది."

ఆడపడుచు ఫోనులో ఏడ్చింది. సొంత కూతురికంటే ఎక్కువ అనుకున్నామంది. ఒకరోజు వచ్చి, తల్లి పక్కన కూర్చుని జుట్టు దువ్వి, పిల్లల పరీక్షలని వెళ్ళిపోయింది. మా ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. క్లాసుకి ఇద్దరూ వెళ్ళలేదు.

ఆశ్రమంలో పని తేలికేమీ కాదు. ఆ అమ్మాయి వెనక గదిలో చేరింది. వాళ్ళ అత్తగారు గేటు దగ్గరికొచ్చి, మంచాన పడ్డ మొగుణ్ణి వదిలేసి పరాయి ముసలాళ్ళకి సేవ చేస్తోందని అందరూ వినేలా తిట్టి వెళ్ళింది. ఆ అమ్మాయి లోపలికొచ్చి పక్కబట్టలు అందుకుంది. మంచానికి అటు తనూ ఇటు నేనూ. పడుకున్న ముసలమ్మ "రా" అనగానే మా నాలుగు చేతులూ ఒకేసారి కదిలేవి. ఎవరి తల్లినో గంటగంటకీ తిప్పి, ఆరబెట్టి, నీళ్ళు పట్టి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పొద్దున నేను ఉంచిన పక్కకే ఉండేది.

వారం తిరక్కుండానే ఆవిడ నడుం కింద పుండు పడింది. పొద్దున ఒళ్ళు తుడుస్తుంటే కనిపించింది. ముందు ఎర్రగా, మధ్యలో తెల్లగా, చితికిన పండులా. నేను ఇంట్లో ఉండి ఉంటే అది పడేది కాదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెప్పాడు, గుమ్మం దగ్గర నిలబడి.

"చూశావా, నువ్వు లేకపోతే ఏమైందో."

"చూశాను. మీరు చూశారా?"

అతను కదల్లేదు. "ఇలా రండి" అన్నాను. నా గొంతులో ఏముందో నాకే తెలియదు. అతను వచ్చాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను పుండు కడుగుతున్నంతసేపూ ఆ కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాడు. మందు రాసి, గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని వచ్చి సంచీ భుజాన వేసుకున్నాను. బస్సుకి వేళయింది.

"ఈ పక్కకి ఎక్కువసేపు ఉంచకూడదు. తిప్పాలి" అన్నాను.

"నువ్వు తిప్పేసి వెళ్ళు."

"మళ్ళీ గంటకి ఎవరు తిప్పుతారు?"

అతను మంచం దగ్గరికి నడిచాడు. చేతులు చాపాడు. వాళ్ళమ్మ నడుం మీదికి వెళ్ళి, గుడ్డకట్టు చూసి ఆగి, భుజం దగ్గరికి వెళ్ళి, అక్కడా ఆగి, గాల్లోనే ఉండిపోయాయి. ఆఫీసులో అందరికీ పనులు చెప్పే చేతులు. ఎక్కడ వాలాలో తెలియక అలా నిలబడిపోయాయి.

"ఎక్కడ పట్టుకోవాలి?" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో జవాబు కావాలని అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నోటిదాకా వచ్చింది చెప్దామని. మంచం మీద అత్తగారి కుడిచెయ్యి దుప్పటి పైన, అరచెయ్యి పైకి, తెరిచి ఉంది. ఆవిడ నన్ను చూడటం లేదు. కొడుకునే చూస్తోంది.

నేను గుమ్మం దాటాను.

"మీ అమ్మని అడగండి" అన్నాను.